ధూళి సేకరణ గొట్టాల వ్యవస్థ

ధూళి సేకరణ గొట్టాల వ్యవస్థ అనగా వడ్రంగి కర్మశాలలో రంపాలు, చిత్రిక యంత్రాలు, సానపట్టు యంత్రాలు పనిచేయునప్పుడు వెలువడు పొట్టును, సన్నని కొయ్య ధూళిని పుట్టిన చోటనే గాలితో పీల్చి ధూళి సేకరణ యంత్రానికి చేరవేయు గొట్టాలు, వంపులు, కూడళ్ళు, గేట్ల సముదాయం. ధూళి సేకరణ యంత్రాన్ని వాడుకలో డస్ట్ కలెక్టరు అని పిలుస్తారు. యంత్రం కొనునప్పుడు సాధారణంగా మోటారు ఎన్ని హెచ్.పి. అన్నదే చూచెదరు. కాని యంత్రం నోటికి, రంపం అడుగునకు మధ్య గల గొట్టపు దారియే ఆ మోటారు శక్తిలో ఎంత భాగం పనికి వచ్చునో నిర్ణయించును. గొట్టం ఇరుకైనను, వంపులు ఎక్కువైనను, అతుకుల వద్ద గాలి దూరినను యంత్రం కంటికి కనిపించు పొట్టును కొంత లాగి, ఊపిరితిత్తులకు హాని చేయు సన్నని ధూళిని గదిలోనే విడిచిపెట్టును.

అవసరం

కొయ్యను కోసినప్పుడు వచ్చు వ్యర్థం అంతయు ఒకే విధమైనది కాదు. చిత్రిక పట్టినప్పుడు వచ్చు పెచ్చులు, రంపపు పొట్టు బరువైనవి; అవి నేల మీద పడును, చీపురుతో ఊడ్చవచ్చును. సానపట్టునప్పుడు, వేగముగా తిరుగు రంపంతో కోయునప్పుడు పుట్టు సన్నని ధూళి గాలిలో తేలియాడును. 5 మైక్రాన్ల పరిమాణం గల రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకు ఒక మిల్లీమీటరు కన్న తక్కువ వేగంతో క్రిందికి దిగును. అనగా మనిషి తలెత్తు నుండి నేల చేరుటకు అరగంటకు పైగా పట్టును. ఈలోగా మనుషులు నడచినను, పంకా తిరిగినను అది మరల పైకి లేచును. నేలను ఊడ్చి శుభ్రముగా ఉన్నదనుకొన్న గదిలో కూడ ధూళి ఉండుటకు కారణం ఇదియే.

1960వ దశకంలో ఇంగ్లండులోని బకింగ్‌హాంషైర్ ప్రాంతంలో, కుర్చీల తయారీకి పేరుపొందిన హై వికోంబ్ పరిసరాలలో, కొయ్య సామాను చేయు పనివారిలో ముక్కు లోపలి భాగానికి వచ్చు ఒక అరుదైన క్యాన్సరు అసాధారణంగా ఎక్కువగా ఉన్నదని వైద్యులు గుర్తించారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కొయ్య ధూళిని మానవులలో క్యాన్సరు కలిగించు పదార్థాల మొదటి వర్గంలో చేర్చినది. టేకు, ఇరుగుడు వంటి కొన్ని కలపల ధూళి వలన చర్మంపై దద్దుర్లు, ఉబ్బసం కూడ రావచ్చును. ఐరోపా సమాఖ్యలో గట్టి కలప ధూళికి అనుమతించు పరిమితి 2023 జనవరి నుండి ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములుగా నిర్ణయింపబడినది.

భారతదేశంలో 1948 నాటి కర్మాగారాల చట్టం 14వ సెక్షను ధూళిని పనివారు పీల్చకుండా చూడవలెననియు, పీల్పు సాధనాన్ని ధూళి పుట్టు చోటికి వీలైనంత దగ్గరగా అమర్చవలెననియు నిర్దేశించినది. 37వ సెక్షను పేలుడు స్వభావం గల ధూళిని గురించి చెప్పినది. 2025 నవంబరు 21 నుండి ఈ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి అమలులోకి వచ్చినది. పాత చట్టం ప్రకారం విద్యుత్తు వాడు చోట 10 మంది, కొత్త స్మృతి ప్రకారం 20 మంది పనివారు ఉన్నప్పుడే అది కర్మాగారంగా పరిగణింపబడును. ఇద్దరు ముగ్గురు పనిచేయు వడ్రంగి కొట్లు ఈ లెక్కకు వెలుపలనే ఉండును. కావున అట్టి చోట్ల పనివాని ఊపిరి ఆ కొట్టులోని అమరికపైననే ఆధారపడి ఉండును.

గోదావరి డెల్టాలో కొయ్యపని

ధవళేశ్వరం తూర్పు గోదావరి జిల్లాలో, రాజమహేంద్రవరానికి దక్షిణంగా గోదావరి ఒడ్డున ఉన్నది. 1847-1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఇచ్చట గోదావరిపై ఆనకట్ట నిర్మింపబడినది. ఆ పనుల నిమిత్తం వడ్రంగులు, కమ్మరులు పనిచేయు కర్మశాలలు ఇచ్చట ఏర్పడినవి. తరువాత కూడ ప్రజా పనుల శాఖ కర్మశాల ఈ ఊరిలో కొనసాగినది. కాలువలపై రాకపోకలు సాగిన కాలంలో పడవలకు, లాకుల తలుపులకు కొయ్య ఎక్కువగా అవసరమయ్యేది. పాపికొండలకు ఎగువనున్న అడవుల కలపను తెప్పలుగా కట్టి గోదావరిపై రాజమహేంద్రవరానికి తెచ్చెడివారు.

యంత్ర రంపాలు రాకముందు కొయ్యపని చేతి రంపం, బాడిస, ఉలి, చేతి చిత్రికలతో సాగినది. బాడిస దెబ్బకు పెద్ద పెచ్చులు లేచును, ధూళి స్వల్పముగా వచ్చును. నిమిషానికి కొన్ని వేల సార్లు తిరుగు రంపపు బిళ్ళ అదే కలపను పిండి చేయును. పని తొందరగా జరుగును, కాని పనివాడు పీల్చు గాలి మారిపోవును. చేతి పనిముట్ల కాలంలో అవసరం లేని ధూళి సేకరణ విద్యుత్ యంత్రాలతో పాటు అవసరమైనది.

ఈ వ్యవస్థలో వాడు ముఖ్య సాధనమైన సైక్లోను డెల్టా ప్రజలకు కొత్తది కాదు. బియ్యపు మిల్లుల కప్పుల పైన, గోడల ప్రక్కన కనిపించు శంకువు ఆకారపు రేకు తొట్టెలు ఇవియే. మిల్లులో తవుడును, దుమ్మును గాలితో లాగి సైక్లోనులో వేరుచేయుదురు. లోపలికి ప్రక్కవాటుగా వచ్చిన గాలి గుండ్రముగా తిరుగును. బరువైన రేణువులు గోడకు తగిలి క్రిందికి జారును. శుభ్రపడిన గాలి నడుమనున్న గొట్టం గుండా పైకి పోవును. ఈ సాధనానికి 1885లో అమెరికాలో జాన్ ఫించ్ పేటెంటు పొందినాడు. బ్రిటిష్ రూపకర్త జేమ్స్ డైసన్ 1970వ దశకం చివరలో ఒక రంపపు మిల్లుపై ఉన్న సైక్లోనును చూచి, సంచి లేని ఇంటి వ్యాక్యూం క్లీనరును రూపొందించుటకు పూనుకొన్నాడు.

వ్యవస్థలోని భాగాలు

* పీల్పు నోరు: రంపపు బల్ల అడుగున లేదా చిత్రిక యంత్రం వెనుక ఉండు గరాటు వంటి భాగం. ధూళి ఇచ్చటనే పట్టుబడవలెను.
* ముడతల గొట్టం: యంత్రాన్ని కదుపుటకు వీలుగా పీల్పు నోటికి, స్థిరమైన పైపునకు మధ్య వాడు మెత్తని గొట్టం. లోపల తీగ చుట్ట ఉండును.
* శాఖ పైపులు, ప్రధాన పైపు: ఒక్కొక్క యంత్రం నుండి వచ్చు శాఖలు ప్రధాన పైపులో కలియును.
* జారుడు గేట్లు: పనిచేయని యంత్రం వైపు గాలి పోకుండా మూయు పలకలు. వీటిని బ్లాస్ట్ గేట్లు అందురు.
* సైక్లోను లేదా డ్రమ్ము: పెద్ద పొట్టు పంకాను చేరక ముందే ఇచ్చట పడిపోవును.
* పంకా, మోటారు: గాలిని లాగు భాగం.
* వడపోత సంచి లేదా గుళిక: మిగిలిన సన్నని ధూళిని ఆపి గాలిని బయటకు విడుచును.

చౌక రకం యంత్రాలలో సైక్లోను ఉండదు; పొట్టు నేరుగా పంకా చక్రం గుండా పోయి సంచిలో పడును. వీటిలో మేకు లేక ఇనుప ముక్క పంకాకు తగిలి నిప్పురవ్వ పుట్టు ప్రమాదం ఉన్నది. అందువలన పంకాకు ముందు సైక్లోనును గాని, మూత గల డ్రమ్మును గాని పెట్టుట మంచిది.

గాలి వేగం, గొట్టం వ్యాసం

పొట్టు గొట్టంలో నిలువకుండా పోవుటకు గాలికి తగిన వేగం కావలెను. కొయ్య పొట్టుకు ఈ వేగం సెకనుకు 18 నుండి 20 మీటర్లుగా తీసుకొందురు. వేగం తగ్గినచో అడ్డముగా ఉన్న పైపు అడుగున పొట్టు పేరుకొనును, నిలువు పైపు మొదట్లో కుప్పపడి దారి మూసుకొనును. సెకనుకు 20 మీటర్ల వేగం ఉండవలెనన్న ఒక్కొక్క గొట్టం గుండా గంటకు పోవలసిన గాలి సుమారుగా ఈ విధముగా ఉండును:

* 100 మి.మీ. వ్యాసం: 565 ఘనపు మీటర్లు
* 125 మి.మీ. వ్యాసం: 885 ఘనపు మీటర్లు
* 150 మి.మీ. వ్యాసం: 1,270 ఘనపు మీటర్లు
* 200 మి.మీ. వ్యాసం: 2,260 ఘనపు మీటర్లు

గొట్టం ఎంత పెద్దదైన అంత మంచిదని కొందరు భావింతురు. ఇది పాక్షికముగా మాత్రమే నిజం. 100 మి.మీ. శాఖ ఒక్కటే తెరిచి, ఆ గాలిని 150 మి.మీ. ప్రధాన పైపులోనికి పంపినచో అందులో వేగం సెకనుకు 9 మీటర్లకు పడిపోవును. శాఖలో చక్కగా పోయిన పొట్టు ప్రధాన పైపులో ఆగిపోవును. మరొక వైపు, 150 మి.మీ. పైపులో పోవలసిన గాలిని 100 మి.మీ. పైపులో లాగవలెనన్న ఘర్షణ వలన కలుగు నష్టం సుమారు ఏడున్నర రెట్లు పెరుగును. కావున ఒకేసారి ఒక యంత్రం మాత్రమే నడుచు చిన్న కర్మశాలలో శాఖకు, ప్రధాన పైపునకు ఒకే వ్యాసం వాడుట సులభమైన మార్గం. రెండు యంత్రాలు ఒకేసారి నడుచు చోట ఆ రెంటి గాలిని కూడి ప్రధాన పైపు వ్యాసాన్ని నిర్ణయించవలెను. అట్టి చోట పని జరుగునప్పుడు రెండు గేట్లూ తెరిచియే ఉంచవలెను.

పీల్పు నోటి స్థానం కూడ ముఖ్యమైనది. గాలిని ఊదినప్పుడు అది దూరం వరకు పోవును, కాని పీల్చినప్పుడు అన్ని వైపుల నుండి వచ్చును. అందుచే తెరిచిన గొట్టం నోటి నుండి ఆ గొట్టపు వ్యాసమంత దూరంలోనే గాలి వేగం నోటి వద్ద ఉన్న వేగంలో సుమారు 7 శాతానికి పడిపోవును. 100 మి.మీ. గొట్టాన్ని రంపానికి జానెడు దూరంలో వ్రేలాడదీసినచో దానివలన ప్రయోజనం స్వల్పం. పీల్పు నోరు రంపాన్ని వీలైనంతగా కప్పి ఉండవలెను.

చేతితో పట్టుకొను శాండరు వంటి పనిముట్లకు ఈ వ్యవస్థ సరిపోదు. వాటి నోరు సుమారు 35 మి.మీ. మాత్రమే ఉండును; ఇది 100 మి.మీ. గొట్టపు వైశాల్యంలో 12 శాతం. ధూళి సేకరణ యంత్రం తక్కువ చూషణతో ఎక్కువ గాలిని లాగునది గనుక అంత సన్నని దారిలో దానికి ఊపిరాడదు. అట్టి పనిముట్లకు ఎక్కువ చూషణ గల వ్యాక్యూం క్లీనరును కలుపవలెను.

పీడన నష్టం: ఒక ఉదాహరణ

యంత్రంపై వ్రాసిన గాలి పరిమాణం సాధారణంగా గొట్టం తగిలించకుండా కొలిచినదై ఉండును. గొట్టం తగిలించిన తరువాత ప్రతి మీటరు, ప్రతి వంపు కొంత పీడనాన్ని హరించును. ధవళేశ్వరం వంటి ఊరిలో రేకుల షెడ్డులో ఒక రంపపు బల్లను 100 మి.మీ. గొట్టంతో యంత్రానికి కలిపితిమనుకొందము. గాలి వేగం సెకనుకు 20 మీటర్లు. ఈ వేగం వద్ద నున్నని పైపులో మీటరుకు సుమారు 43 పాస్కళ్ళు, ముడతల గొట్టంలో దానికి సుమారు మూడు రెట్లు నష్టం కలుగును.

మొదటి అమరిక:

* పీల్పు నోరు: 360 పాస్కళ్ళు
* ముడతల గొట్టం 1 మీటరు: 130
* నున్నని పైపు 6 మీటర్లు: 260
* విశాలమైన వంపులు రెండు: 145
* కూడలి, గేటు: 70
* వడపోత సంచి: 300
* మొత్తం: 1,265 పాస్కళ్ళు

రెండవ అమరికలో దూరం అదియే, యంత్రం అదియే. కాని ముడతల గొట్టం 4 మీటర్లు, పైపు 3 మీటర్లు వాడి, విశాలమైన వంపులకు బదులు కొట్టవచ్చినట్లు మలుపు తిరుగు రెండు ఎల్బోలు పెట్టినారనుకొందము. గొట్టాల నష్టం 390 నుండి 650కి, వంపుల నష్టం 145 నుండి సుమారు 530కి పెరుగును. మొత్తం 1,910 పాస్కళ్ళు, అనగా ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. చిన్న పంకా అంత చూషణను ఇవ్వలేనప్పుడు గాలి వేగమే తగ్గిపోవును. అప్పుడు పెద్ద మోటారు కొనవలెనని తోచును గాని, నిజమునకు మార్చవలసినవి రెండు వంపులు, మూడు మీటర్ల గొట్టం మాత్రమే.

గొట్టాల రకాలు

జింకు పూత రేకు పైపులు: పెద్ద కర్మశాలలకు ఇవి తగినవి. విద్యుత్ వాహకాలు గనుక భూమికి కలుపవచ్చును, నిప్పుకు అంటుకొనవు. చుట్ట అతుకు గల గుండ్రని పైపులు గట్టిగా ఉండును. మిక్కిలి పలుచని రేకు పైపు చూషణకు లోపలికి నొక్కుకుపోవచ్చును.

పీవీసీ పైపులు: చిన్న కర్మశాలలలో ఎక్కువగా వాడబడునవి. లోపల నున్నగా ఉండును, అతుకులు సులభం. నీటి సరఫరాకు ఐ.ఎస్. 4985, మురుగునీటి పైపులకు ఐ.ఎస్. 13592 అను భారతీయ ప్రమాణాలు ఉన్నవి. ధూళి సేకరణకు అంత దళసరి అవసరం లేదు గనుక మురుగునీటి పైపులు, అనగా ఎస్.డబ్ల్యు.ఆర్. రకం, సరిపోవును. వీటికి వై కూడళ్ళు, మూత గల డోరు బెండ్లు హార్డువేరు దుకాణాలలో దొరకును. పొట్టు ఇరుక్కొన్నప్పుడు డోరు బెండు మూత విప్పి తీయవచ్చును.

ముడతల గొట్టాలు: వంగుట, కదులుట అవసరమైన చోట మాత్రమే, వీలైనంత పొట్టిగా, లాగి నిటారుగా వాడవలెను. మిగిలిన గొట్టాన్ని చుట్టగా వదలరాదు. నీటి పనులకు, గాలి చల్లబరచు యంత్రాలకు వాడు పలుచని గొట్టాలు పొట్టు రాపిడికి త్వరగా చిరుగును.

కొలతల తేడా, అతుకులు

ధూళి సేకరణ యంత్రాన్ని పైపునకు కలుపునప్పుడు మొదట ఎదురగు చిక్కు కొలతలలోని తేడా. చాలా యంత్రాల నోరు 4 అంగుళాలది. దాని వెలుపలి వ్యాసం సుమారు 100 మి.మీ. 4 అంగుళాల ముడతల గొట్టం దానిపై సరిగా కూర్చొనును. కాని భారతదేశంలో పీవీసీ పైపులను వెలుపలి వ్యాసంతో పేర్కొందురు. వాటి కొలతలు 75, 90, 110, 160 మి.మీ. వంటివి. దుకాణంలో 4 అంగుళాల పైపు అని ఇచ్చునది 110 మి.మీ. పైపు. దాని లోపలి వ్యాసం దళసరిని బట్టి సుమారు 103 నుండి 106 మి.మీ. ఉండును. అందుచే 4 అంగుళాల ముడతల గొట్టం ఈ పైపుపైకి ఎక్కదు. యంత్రం నోరు పైపులోనికి దూరును గాని వదులుగా ఉండి చుట్టూ గాలిని లాగును.

దీనికి మూడు పరిష్కారాలు ఉన్నవి.

# యంత్రం నోటిచుట్టూ రబ్బరు పట్టీని సమముగా చుట్టి పైపులోనికి బిగువుగా దూర్చి, వెలుపల అతుకుపై టేపు వేయుట. ఇది చౌకైనది, విప్పుటకు వీలైనది.
# రేకు పని చేయువారి చేత ఒక ప్రక్క 100 మి.మీ. వెలుపలి వ్యాసం, మరొక ప్రక్క పైపు లోపలికి సరిపడు వ్యాసం గల పొట్టి గొట్టాన్ని చేయించుట. మొదటి ప్రక్కకు ముడతల గొట్టం, రెండవ ప్రక్కకు పైపు కలియును. ఇది ఎక్కువ కాలం మన్నును.
# పైపు కొసను వేడిగాలి తుపాకితో మెత్తబరచి, సరియైన కొలత గల కొయ్య దిమ్మెపై ఆకృతికి తెచ్చుట. పీవీసీని మంటపై కాల్చరాదు. దాని పొగ విషపూరితం. ఈ పని ఆరుబయట చేయవలెను.

ముడతల గొట్టాన్ని బిగించుటకు హోస్ క్లిప్పు వాడవలెను. గొట్టంలోని తీగ చుట్ట మరలుగా తిరిగి ఉండును గనుక సాధారణ క్లిప్పు ఒక ప్రక్క ఎత్తుగా కూర్చొని సందు వదలును. తీగకు ఇరుప్రక్కల బిగియు మెలిక గల క్లిప్పు దొరికినచో అది మేలు. లేనిచో క్లిప్పు క్రింద రబ్బరు పట్టీ వేయవలెను.

పైపుల అతుకులలో గాలి దిశను గమనించవలెను. సన్నని కొస గాలి పోవు వైపునకు, వెడల్పు సాకెట్టు గాలి వచ్చు వైపునకు ఉండవలెను. తిరగవేసినచో పైపు అంచుకు పొట్టు, పీచు తగులుకొని క్రమముగా దారి మూసుకొనును. రబ్బరు రింగు అతుకులు గాలిని ఆపును, అవసరమైనప్పుడు విప్పవచ్చును. సొల్యూషనుతో అతికించినచో తరువాత మార్పు చేయుటకు పైపును కోయక తప్పదు. అతుకును నిలుపుటకు లోపలికి పొడుచుకొని వచ్చు పొడవైన స్క్రూలు వాడరాదు. వాటికి పెచ్చులు చిక్కుకొనును.

అమర్చు విధానం

# ముందుగా యంత్రాల స్థానాలను నేలపై గీసి, ఎక్కువ పొట్టు ఇచ్చు చిత్రిక యంత్రం, రంపం ధూళి సేకరణ యంత్రానికి దగ్గరగా ఉండునట్లు చూడవలెను.
# ప్రధాన పైపును వీలైనంత నిటారుగా, కప్పు క్రింద లేక గోడ వెంట తీసుకొనిపోవలెను.
# శాఖలు టీ కూడలితో గాక వై కూడలితో, గాలి పోవు దిశగా వాలి కలియవలెను. అడ్డముగా ఉన్న ప్రధాన పైపులోనికి శాఖను పైనుండి లేక ప్రక్కనుండి కలుపవలెను. అడుగు నుండి కలిపినచో పై పైపులోని పొట్టు మూసి ఉన్న శాఖలో పడి నిండును.
# 90 డిగ్రీల మలుపు అవసరమైన చోట రెండు 45 డిగ్రీల బెండ్లను, వాటి మధ్య చిన్న పైపు ముక్కను వాడవలెను. పంకా నోటికి ముందు కనీసం అర మీటరు నిటారు పైపు ఉండుట మంచిది.
# గేట్లను ప్రతి యంత్రం వద్ద, చేతికి అందు ఎత్తులో పెట్టవలెను. అందని గేటును ఎవరూ మూయరు.
# యంత్రం నోటికి రెండు 100 మి.మీ. దారుల వై ఉండి, ఒకే ప్రధాన పైపు వేయదలచినచో ఆ వైని తీసి లోపలి 150 మి.మీ. నోటికి నేరుగా కలుపవచ్చును. అప్పుడు పైన చెప్పిన వేగపు లెక్కను తప్పక చూడవలెను.
# చివరగా పంకా ఆడించి, వెలిగించిన అగరువత్తిని అతుకుల వద్ద త్రిప్పి, పొగ లోపలికి లాగబడు చోట్లను సరిచేయవలెను. ఈ పరీక్ష పొట్టు చేరక ముందు, కొత్త పైపులకు మాత్రమే చేయవలెను. వాడుకలో ఉన్న వ్యవస్థకు నిప్పు బదులు టాల్కం పొడిని గాని, సన్నని కాగితపు ముక్కను గాని వాడవలెను.

స్థిర విద్యుత్తు, అగ్ని ప్రమాదం

పొడి గాలిలో పొట్టు పీవీసీ గోడను రాచుకొనుచు పోవునప్పుడు స్థిర విద్యుత్తు పుట్టును. పైపును తాకినప్పుడు చురుక్కుమనుట దీనివలననే. పీవీసీ విద్యుత్తును ప్రవహింపనీయదు గనుక దానిపై ఒక తీగ చుట్టినంతనే పైపు మొత్తం భూమికి కలిసినట్లు కాదు. తీగకు సమీపంలోని భాగం మాత్రమే ప్రయోజనం పొందును. ముడతల గొట్టంలోని తీగ చుట్టను రెండు కొసల వద్ద కొద్దిగా బయటకు తీసి యంత్రపు లోహ భాగానికి కలుపుట తప్పక చేయవలసిన పని. రేకు పైపులలో ప్రతి అతుకు మీదుగా రాగి తీగ వేసి మొత్తాన్ని ఎర్తింగుకు కలుపవలెను. పెద్ద కర్మాగారాలలో లోహపు పైపులనే వాడవలెను.

సన్నని కొయ్య ధూళి గాలిలో ఘనపు మీటరుకు సుమారు 40 గ్రాములకు మించి కలిసియున్నప్పుడు నిప్పు తగిలిన పేలును. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2012 జనవరి 20న బర్న్స్ లేక్ వద్ద, అదే సంవత్సరం ఏప్రిల్ 23న ప్రిన్స్ జార్జ్ వద్ద రంపపు మిల్లులు పేలి ఒక్కొక్క చోట ఇద్దరు పనివారు మరణించారు. ఇంగ్లండులోని చెషైర్‌లో బోస్లీ వద్ద 2015 జూలై 17న కొయ్య పిండి మిల్లులో జరిగిన పేలుడులో నలుగురు మరణించారు. ఇట్టి ప్రమాదాలలో మొదటి చిన్న పేలుడు దూలాల మీద పేరుకొన్న ధూళిని లేపును. ఆ లేచిన ధూళి వలన రెండవ పెద్ద పేలుడు సంభవించును. కావున గొట్టంలోనే గాక దూలాల మీద, కప్పు మీద పేరుకొన్న ధూళిని కూడ తొలగించుచుండవలెను.

ఇనుమును సానపట్టు గ్రైండరును కొయ్య ధూళి యంత్రానికి ఎన్నడూ కలుపరాదు. ఒక్క నిప్పురవ్వ సంచిలోని పొట్టులో గంటల తరబడి పొగ లేకుండ రాజుకొని, కర్మశాల మూసిన తరువాత మండవచ్చును. ఈ కారణం చేతనే సాయంకాలం సంచిని ఖాళీ చేసి, పొట్టును కట్టడానికి దూరముగా ఉంచుట మంచి అలవాటు.

డెల్టా వాతావరణంలో జాగ్రత్తలు

గోదావరి డెల్టాలో వానాకాలమంతయు గాలిలో తేమ ఎక్కువగా ఉండును. దీనివలన స్థిర విద్యుత్తు తగ్గును గాని వేరు చిక్కులు వచ్చును. తేమ పట్టిన పొట్టు బరువెక్కి పైపు అడుగున అంటుకొనును. వడపోత సంచి గుడ్డపై ధూళి పేస్టువలె పట్టి గాలిని ఆపును. పచ్చి కలప, సరుగుడు, మామిడి చెక్కలు కోసినప్పుడు ఇది మరింత ఎక్కువ. పని ముగిసిన తరువాత గేటు తెరిచి యంత్రాన్ని రెండు మూడు నిమిషాలు వట్టిగా నడిపినచో పైపులలోని పొట్టు, తేమ బయటకు పోవును. సైక్లోనును ఆరుబయట ఉంచినచో పైన వానకప్పు, నోటికి వల ఉండవలెను.

వేసవిలో రేకుల కప్పు క్రింద పీవీసీ పైపులు మెత్తబడి నడుమ క్రిందికి వంగును. వంగిన చోట పొట్టు నిలుచును. అందుచే సుమారు ప్రతి మీటరుకు ఒక క్లాంపు వేయవలెను. 6 మీటర్ల పైపు ఉష్ణోగ్రత 25 డిగ్రీలు పెరిగినప్పుడు సుమారు ఒక సెంటీమీటరు సాగును. రబ్బరు రింగు అతుకులు ఈ సాగుదలను భరించును. రెండు కొసలూ గట్టిగా బిగించిన పైపు అతుకు వద్ద విడిపోవును.

డెల్టాలో కర్మశాలలు సాధారణంగా తెరిచిన షెడ్లు గనుక వడపోసిన గాలిని వెలుపలికి పంపుట సులభం. సన్నని ధూళిని ఆపలేని గుడ్డ సంచి యంత్రాన్ని గది లోపల నడిపినచో అది ధూళిని ఒక చోట పీల్చి మరొక చోట చల్లు యంత్రమగును. అట్టి యంత్రాన్ని గోడకు ఆవల, ఇండ్లకు దూరముగా ఉండు ప్రక్క ఉంచుట మేలు.

నిర్వహణ, పరీక్ష

వ్యవస్థ సరిగా పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు ఖరీదైన పరికరం అవసరం లేదు. పారదర్శకమైన సన్నని గొట్టాన్ని యు ఆకారంలో పలకకు బిగించి, సగం వరకు నీరు పోసి, ఒక కొసను ప్రధాన పైపుకు వేసిన చిన్న రంధ్రానికి కలిపినచో రెండు వైపుల నీటి మట్టాల తేడా చూషణను తెలుపును. 10 మి.మీ. తేడా సుమారు 98 పాస్కళ్ళకు సమానం. వ్యవస్థ కొత్తగా ఉన్నప్పుడు ఒక నిర్దిష్టమైన గేటు తెరిచి ఈ తేడాను పలకపై గుర్తు పెట్టుకొనవలెను. తరువాత అదే గేటుతో చూచినప్పుడు తేడా తగ్గినచో వడపోత సంచి మూసుకొనినదని గాని, కొలత చోటుకు, పంకాకు మధ్య గాలి దూరుచున్నదని గాని గ్రహించవచ్చును. తేడా పెరిగినచో కొలత చోటుకు ముందు, అనగా రంపం వైపు, దారి మూసుకొన్నదని అర్థం.

సంచిని వెలుపలి నుండి మెల్లగా తట్టి దులుపవలెను. దులుపునప్పుడు, పొట్టు తీయునప్పుడు ముక్కుకు ఎన్-95 వంటి మాస్కు తప్పనిసరి. గొట్టాల వ్యవస్థ ఎంత చక్కగా ఉన్నను సానపట్టు పనిలో కొంత ధూళి తప్పించుకొనును గనుక అప్పుడు కూడ మాస్కు వాడవలెను. అయితే మాస్కు ధరించినవానికి మాత్రమే రక్షణనిచ్చును. ప్రక్కన నిలిచిన సహాయకునికి, కొట్టుకు వచ్చు కొనుగోలుదారునికి, కర్మశాలకు ఆనుకొనియున్న ఇంటిలోని వారికి రక్షణ ధూళిని పుట్టిన చోటనే పట్టుకొను గొట్టం వలననే కలుగును.